మిట్ట చేని గోడ

1954 జనవరి 18

ఈ పుస్తకం నా కోసమే. ఈ ఇంట్లో చదువు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే, మిగిలిన మనిషినీ నేనొక్కదాన్నే. కాబట్టి మర్యాదలు అక్కర్లేదు. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

నా మరిది అయ్యన్న చేను ఎండాలి. వాడి బావిలో అడుగు కనపడాలి. అది నేను కళ్ళారా చూడాలి.

రాసేసరికి కొంచెం ఊపిరి ఆడినట్టుంది.

జనవరి 20

ఊళ్ళో అందరిదీ ఒకటే పాట. మరచిపో కృష్ణవేణమ్మా, వాడూ ఆ ఇంటి బిడ్డే కదా అని. సరే, ఏది మరచిపోవాలో వరుసగా రాసి చూసుకుంటాను.

భాగాలు పంచుకున్నప్పుడు ముందు కోరుకునే హక్కు మా ఆయనది. పెద్దవాడు కదా. "తమ్మునికి పిల్లోళ్ళుండారు, బావి చేను వానికే ఉండనీలే" అని ఆయన పైనున్న మిట్ట చేను తీసుకున్నాడు. అందులో రాళ్ళు తప్ప ఏమున్నాయి? నేను గొణిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

పోయిన ఎండాకాలం ఊరంతా గంజి కేంద్రం దగ్గర ముంతలు పట్టుకుని నిలబడింది. మా మైలెద్దు నీళ్ళు లేక నాలుక బయట పెట్టేసింది. ఆయన దాన్ని మెల్లగా నడిపించుకుంటూ అయ్యన్న బావి దగ్గరికి పోయాడు. నేనూ వెనకే పోయాను. బావి చుట్టూ తుమ్మ కంప కొట్టి ఉంది. కంప అవతల నిలబడి అయ్యన్న అన్న మాట ఇది: "నా పిల్లోళ్ళకే సాలవు నీళ్ళు. నీ ఎద్దు కోసరం నా బావి ఎండబెట్టుకోమంటావా అన్నా?"

ఆయన ఎద్దును వెనక్కి తిప్పాడు. మర్నాడు మైలెద్దు లేవలేదు.

మృగశిరలో వాన పడింది. అదును దాటితే కొర్ర రాదు. కరువులో ఊళ్ళో ఎద్దులన్నీ చచ్చినవి చావగా అమ్మినవి అమ్మగా, బదులు అడుగుదామన్నా ఎద్దు లేదు. కాడికి ఒక పక్క మాకు మిగిలిన పుల్లెద్దును కట్టి, రెండో పక్క ఆయన మెడ పెట్టాడు. విత్తే గొర్రు నా చేతిలో. దాని మీది గిన్నెలో విత్తనం పోసేది మాకు కూలికొచ్చే ఏసన్న పెండ్లాం ప్రేమమ్మ. ఆయన మెడ నరాలు ఉబ్బడం చూడలేక నేను గొర్రును కాస్త పైకెత్తి పట్టుకున్నాను. ఆయనకు వెంటనే తెలిసిపోయింది. "బరువు పెట్టుమే. పైపైన పడితే పిట్టలు తినిపోతాయి" అని కసిరాడు. సరే అన్నాను. మళ్ళీ ఎత్తాను. మొలక పలచగా వచ్చింది. చేనంతా పిచ్చుకలే.

ఆ రోజు పట్టుకున్న గుండె నొప్పి మళ్ళీ వదల్లేదు. కార్తీకంలో పోయాడు. అయ్యన్న పాడె మోశాడు. ఏడ్చాడు కూడా.

వరుసగా రాశాను. ఇందులో మరచిపోదగ్గది నాకు ఒక్కటీ కనపడలేదు.

ఫిబ్రవరి 3

పొద్దంతా మిట్ట మీదే కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఇది నాకెందుకు తట్టలేదో!

వంక పుట్టేది నా చేనులోనే. వాన పడితే మిట్ట మీది నీళ్ళన్నీ ఆ పల్లంలో చేరి, నా చేను గుండా దిగి, నేరుగా అయ్యన్న చేనులో పడతాయి. పోతూ పోతూ నా నేల మీది మెత్తటి మన్నంతా గీక్కుపోయి వాడికి పోస్తాయి. అంటే ఇన్నాళ్ళూ వాడిని మేపింది నా మిట్టే. కంప కొట్టి వాడు నా ఎద్దును ఆపాడు కదా. వంకకు అడ్డంగా గోడ కట్టి నేను వాడి నీళ్ళను ఆపుతాను. నా చేనులో రాళ్ళకు కొదవా?

ఫిబ్రవరి 15

ఏసన్న, ప్రేమమ్మ పనిలోకి వచ్చారు. ఏసన్న రాతి పనివాడు, చర్చి ప్రహరీ కూడా అతను కట్టిందే. చేనులోని రాళ్ళు ఏరి వంక దగ్గర కుప్ప పోస్తున్నారు. నేను కూడా మోస్తున్నాను.

"ఏమిటికమ్మా ఈ గోడ?" అని అడిగాడు.

"మన్ను కొట్టుకుపోకుండా" అన్నాను.

అబద్ధమేమీ కాదు.

మార్చి 6

ఊరికి కొత్తగా గ్రామసేవక్ వచ్చాడు, రైతులకు సేద్యం సంగతులు చెప్పే సర్కారు మనిషి. పేరు సుందరం, కడప వైపు మనిషి. దారిన పోతూ గోడ చూసి, సైకిలు గట్టున పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇట్ల కట్టమని మీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాలి?"

"వాన నీళ్ళను చేన్లోనే నిలబెట్టుకోండప్పా అని మేము ఊరూరా మొత్తుకుంటాండాం. ఒక్కరు ఇంటే ఒట్టు. జనమేమో పెరిగిపోతాండారు. అంతమందికీ తిండి పుట్టల్లంటే కాలవ కింది భూములొక్కటే సాలవు, ఇట్లాంటి మెట్ట చేన్లు పండల్ల. మీరు శానా ముందు చూపు గల మనిషమ్మా."

నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నాడు పాపం. నవ్వు ఆపుకోవడానికి వంచుకున్నాను. అందరి ఆకలి సంగతి నాకెందుకు? నా ఆకలి వేరు. కాని ఈయనకు కట్ట పని తెలుసు. వాడుకుంటాను.

గోడ నడుమ బంకమట్టి పెట్టి తొక్కమన్నాడు. అది బాగుంది. ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఒక పక్క అలుగు వదలమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క చుక్క కిందికి పోకూడదు" అన్నాను.

"పోకుంటే గోడే పోతాదమ్మా" అన్నాడు.

వదిలాను. కాని ఆయన చెప్పినదానికన్నా ఎత్తులో.

ఏప్రిల్ 9

అయ్యన్న వచ్చాడు. పంచె ఎగగట్టుకుని గోడ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు.

"ఏందొదినా ఇది? నీళ్ళు కిందికి రాకుంటే నా చేను గతేం కావల్ల?"

"ఏసన్నా, ఆ పెద్ద రాయి ఇటు పెట్టు" అన్నాను.

"నిన్నే అడుగుతాండా వదినా."

"ఇటు. ఇంకొంచెం ఇటు."

ముఖం మాడ్చుకుని పోయాడు. మాట్లాడకపోవడంలో ఇంత రుచి ఉంటుందని నాకు తెలియదు.

మే 22

గోడ పూర్తయింది. వానే రావాలి.

జూన్ 19

వచ్చింది! గొడుగు కూడా లేకుండా మిట్టకు పరుగెత్తాను. ఎర్రనీళ్ళు ఉరుకుతూ వచ్చి గోడకు కొట్టుకుని ఆగిపోయాయి. మెల్లగా వెనక్కి పరుచుకున్నాయి. గోడ కదల్లేదు. అలుగు దాకా రాలేదు. గోడ అవతల వంక ఒట్టి ఇసక. అవతల గట్టు మీద అయ్యన్న తడిసిపోతూ ఆ ఇసకనే చూస్తున్నాడు.

పుల్లెద్దుకు జతగా, ఏసన్న ఈ ఏడు కొన్న కోడె ఉంది. రేపు విత్తుతాం.

జూలై 30

నెల రోజులుగా చినుకు లేదు. గోడకు పైనున్న నా కొర్ర పచ్చగా ఉంది, నేల ఇంకా చెమ్మ పట్టుకుని ఉంది. వాడి కొర్ర ఆకులు చుట్టలు చుట్టుకున్నాయి. రోజూ గుడికి పోయినట్టు పోయి చూసి వస్తున్నాను. కళ్ళు చల్లబడుతున్నాయి.

ఆగస్టు 12

నా తోడికోడలు లక్ష్మీదేవమ్మ వచ్చింది. చంకలో చిన్నపిల్ల. గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, ఒక్క మూర గోడ తెంపక్కా. వచ్చే వాన నీళ్ళన్నా కిందికి దిగుతాయి. కొర్ర పోతాండాది. మేం చేసింది తప్పే. పిల్లోళ్ళేం చేసినారు?"

ఈ రోజు కోసమే దాచుకున్న మాట ఉంది నా దగ్గర. "నా కొర్రకే చాలవు నీళ్ళు. నీ చేను కోసం నా చేను ఎండబెట్టుకోమంటావా?" అన్నాను. తడుముకోకుండా అన్నాను.

ఆమెకు అర్థమైంది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది.

ఈ రోజు పాయసం చేసుకుందామనుకున్నాను. బెల్లం కూడా ఉంది. చేసుకోలేదు.

ఆగస్టు 13

పొయ్యి వెలిగించడానికి బద్ధకమై చేసుకోలేదు. అంతే.

అక్టోబరు 10

సెప్టెంబరు వానలకు గోడ వెనక రెండుసార్లు చెరువులాగా నిండింది. నిండినది నిండినట్టే ఇంకిపోయింది. అడుగున జానెడు ఒండ్రు చేరింది. ఇన్నేళ్ళు వాడి చేనుకు పోయిన నా మన్ను! అందులో జొన్న విత్తాను. మిట్ట చేనులో జొన్న అంటే ఊరంతా విరగబడి చూస్తోంది.

కొర్ర కళ్ళం నిండింది. అయ్యన్నకు గడ్డి వచ్చిందట, గింజ రాలేదట. చాలా సంతోషం.

నీళ్ళు అంత తొందరగా ఎక్కడికి పోతున్నాయని ఏసన్నను అడిగాను. "భూమి తాగతాండాదమ్మా" అన్నాడు.

తాగనీ. నా భూమే కదా.

1955 ఫిబ్రవరి 9

అయ్యన్న బావి వైపు నుంచి గిలక చప్పుడు వినపడింది. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలుతున్నట్టు. ఈ నెలలో ఆ బావిలో కపిల తోలేన్ని నీళ్ళు ఏనాడూ లేవు. గాలికి ఏదో కిర్రుమని ఉంటుంది.

ఫిబ్రవరి 10

గాలి కాదు.

ఫిబ్రవరి 13

పోయి చూశాను. వాళ్ళు లేని వేళ చూసి పోయాను.

నీళ్ళు పై మెట్ల దాకా ఉన్నాయి. నా ముఖం కనపడింది అందులో. బావి కింద రాగి నాటాడు. వంకాయలు కూడా. బావి చుట్టూ కంప లేదు.

ఆశ్వయుజం వానలు బాగా పడ్డాయి కదా, అందుకే అయ్యుంటుంది. ఊరి బావి కూడా నిండే ఉంటుంది.

ఫిబ్రవరి 14

ఊరి బావిలో చేద అడుగుకు తగులుతోంది.

ఫిబ్రవరి 20

సుందరాన్ని పిలిపించి అడిగాను. అడిగానే కాని, జవాబు నాకు ముందే తెలుసు.

"నీళ్ళను నేల మీద పోనియ్యకుంటే నేల లోపల్నే పోతాయమ్మా. వాలు యాడుంటే ఆడికి. మీ గోడ ఎనక నిలిచిన నీళ్ళే ఆయన బావిలో ఊరతాండాయి. అంతకు ముందు వాన నీళ్ళు గడియలో ఆయన చేను మీద నుంచి దాటిపోయేవి. ఇప్పుడు ఎండాకాలం దాకా ఆగి ఆగి వస్తాండాయి." ఆయన ముఖం వెలిగిపోతోంది. "మీ పంట పెరిగె, ఆయన బావీ ఊరె. మీ గోడ చూపించనీకి పై ఆఫీసర్లను పిల్చుకొస్తా."

నేను రాళ్ళు మోసింది ఎవరి కోసం? నా చేతులు పగిలింది ఎవరి కోసం? వాడి నోట్లో మన్ను కొడదామని పోయి, వాడి బావిలో నీళ్ళు పోశాను. ఆయన బతికి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మార్చి 2

ఆఫీసర్లు జీపులో వచ్చారు. కర్నూలు రాజధాని అయ్యాక జీపులకు తక్కువేమీ లేదు. నాకు దండ వేశారు. బంతిపూల దండ. వేసింది అయ్యన్న.

"మా వదిన పుణ్యమయ్యా. మా వదిన చలవతోనే ఈ ఏడు నా పిల్లోళ్ళు రాగిముద్ద తింటారు" అని అందరి ముందూ చెప్పాడు.

ఇంటికి వచ్చి ఆ దండ పుల్లెద్దుకు వేశాను. తినేసింది.

మార్చి 11

అయ్యన్న కబురు పంపాడు. ఎండలు ముదురుతున్నాయి, పుల్లెద్దును మా బావి దగ్గరికే తోలుకు రమ్మని.

మైలెద్దును పంపిస్తానని చెప్పమన్నాను.

మే 3

తెంపేస్తాను. నా జొన్న పోయినా సరే, నా ఒండ్రు పోయినా సరే. నా కొర్ర మళ్ళీ ఎండినా సరే.

మే 5

గడ్డపార తీసుకుని పోయాను. మొదటి రాయి కదిలించడానికే చెమట్లు పట్టాయి. ఏసన్న అంత గట్టిగా కట్టి చచ్చాడు. రెండో రాయి లాగుతుంటే ప్రేమమ్మ చూసి కేకలు పెట్టుకుంటూ పల్లానికి పరుగెత్తింది. అయ్యన్న రొప్పుతూ వచ్చాడు.

"వదినా, తెంపొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

నాకు నవ్వొచ్చింది. "పోయినేడు తెంపమంటిరి కదప్పా."

"అప్పుడు నాకు తెలీదు. నీకూ తెలీదు."

నాకూ తెలియదట! గడ్డపార పక్కన పెట్టాను. ఎన్నో రోజుల నుంచి నాలో ఒక మాట తిరుగుతోంది. దాన్ని బయట పెట్టే ధైర్యం అప్పుడు వచ్చింది.

"గోడ ఉండాలంటే ఒకటే దారి అయ్యన్నా. ఈసారి వాన పడినాక నా చేను విత్తేటప్పుడు, పుల్లెద్దు పక్కన కాడికి నువ్వు మెడ పెట్టాలి. ఒక్క సాలు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. ఊళ్ళో వాళ్ళు చూస్తుండగా. మీ అన్న పెట్టినట్టు."

వాడు తిడతాడనుకున్నాను. మీసం మీద చెయ్యి వేస్తాడనుకున్నాను. వాడు కాదంటే గోడ పడగొట్టేస్తాను, ఇక నాకు అడ్డేముంది అనుకున్నాను.

వాడు గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏ పొద్దు రావల్ల?" అన్నాడు.

మే 6

ఊడదీసిన రాళ్ళు రెండూ మళ్ళీ పెట్టించాను.

జూన్ 4

మబ్బులు లేవు. వాడు ఎగ్గొడతాడు చూడు. ఎగ్గొట్టాలి కూడా. అప్పుడు చెబుతాను వాడి పని.

జూన్ 14

వాన. నేల పదునైంది. ఎల్లుండి విత్తనం. అయ్యన్నకు కబురు పంపాను.

జూన్ 16

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను పోయేసరికే వచ్చి ఉన్నాడు. గట్టు మీద జనం, వాళ్ళలో లక్ష్మీదేవమ్మ. నేను చెప్పకముందే తలగుడ్డ మడత పెట్టి మెడ మీద వేసుకుని కాడి కిందికి దూరాడు. కొత్త మనిషి పక్కన నిలబడితే పుల్లెద్దు బెదురుతుందనుకున్నాను. అది కదల్లేదు. దానికి అలవాటే కదా.

ప్రేమమ్మ కొర్రల చేట పట్టుకుని నా పక్కకు వచ్చింది. నేను గొర్రు మీద చెయ్యి వేసి ఒంట్లో ఉన్న బరువంతా పెట్టాను. కాళ్ళు నేల మీద ఆనుతున్నాయో లేదో కూడా తెలియనంతగా పెట్టాను. ఏడాదిన్నరగా తిన్న తిండంతా ఈ ఒక్క సాలు కోసమే తిన్నాననుకున్నాను. "హెయ్" అన్నాను. లాగాడు. గొర్రు లోతుగా దిగింది. వాడి కాళ్ళు జారాయి, మోకాలి మీద పడి లేచాడు. ఎవరో "అయ్యో" అన్నారు. నేను ఇంకా నొక్కాను. బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది.

సగం చేను దాటాము. వాడు ఎడమ భుజం దించి లాగుతున్నాడు. అన్నదమ్ములిద్దరికీ సేద్యం నేర్పింది మా మామగారే, భుజం దించడం కూడా ఆ పెద్దాయన దగ్గర వచ్చిందే అయ్యుంటుంది. మెడ నరాలు ఉబ్బాయి. ఊపిరి ఈలలాగా వస్తోంది. నేను గొర్రునే చూస్తూ నడిచాను. వేరే ఏమీ చూడలేదు.

అప్పుడు వాడు తల తిప్పకుండానే అన్నాడు: "బరువు పెట్టొదినా. పైపైన పడితే పిట్టలు తింటాయి."

నేను నడుస్తూనే ఉన్నాను. నాలుగైదు అడుగులు పోయాక, "పెట్టే ఉన్నా" అన్నాను.

ప్రేమమ్మ నా చేతుల వంక చూసింది. తర్వాత గిన్నెలోకి చూసుకుంటూ విత్తనం పోసింది.

అవతలి గట్టు చేరాము. వాడు కాడి దించి నేల మీద కూలబడ్డాడు. మెడ మీద చర్మం లేచిపోయింది. నీళ్ళ ముంత నా పక్కనే ఉంది. ప్రేమమ్మ అందించింది, నేను అందించలేదు.

"ఇంగొక సాలా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"చాలు" అన్నాను.

ఏసన్న కోడెను కట్టి మిగతా చేను విత్తాము.

జూన్ 17

పగ తీరింది. ఊరంతా చూసింది. అనుకున్నది అనుకున్నట్టు చేశాను.

జూన్ 18

తీరింది.

జూన్ 26

కొర్ర మొలిచింది. చేనంతా సమంగా, చిక్కగా, దువ్వెనతో దువ్వినట్టుంది. ఆ ఒక్క సాలు తప్ప.

ఆ సాలు కూడా సగం దాకా చిక్కగానే ఉంది. మిగతా చేను కన్నా బాగుంది. సగం నుంచి పలచబడుతూ పోయింది. ఆ పైన గట్టు దాకా ఒట్టి మన్ను, పిట్టల కాలిగుర్తులు. విత్తనం పైపైన పడిందని చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది. ఆయన కాడికి మెడ పెట్టిన ఏడాది చేనంతా ఇలాగే ఉండింది.

నేను ఎత్తలేదు. గొర్రు అరిగి ఉంటుంది. ప్రేమమ్మ విత్తనం తక్కువ పోసి ఉంటుంది.

వంక దాటి వచ్చే వాళ్ళందరికీ ఆ సాలు కనపడుతుంది. అయ్యన్న పుట్టినప్పటి నుంచి గొర్రు వెనక నడిచిన మనిషి, ఒక్క చూపుకే కనిపెట్టేస్తాడు. నేను జాలిపడ్డానని వాడు అనుకుంటే నేను తల ఎత్తుకోలేను.

రేపు పొద్దున్నే, వాడు కపిల కట్టకముందే పోవాలి. ఆ సగం సాలు చేత్తో గీసి, విత్తనం లోతుగా వేసి, మన్ను కప్పేసి రావాలి.